మొక్కుతున్నానని చెప్పాను

జూన్ 9, సోమవారం

లలితకు ఈ రోజుతో పని ఆఖరు. రేపటి నుంచి కాన్పు సెలవు. కంపెనీ బస్సులో నా పక్క సీటు ఇక ఖాళీ.

తిరుగు బస్సు నరసాపురం దాటి హైవే ఎక్కగానే లలిత నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి నిండా చెమట.

"అక్కా, నా బిడ్డ కోసం మొక్కుతా ఉండావా?"

"రోజూ మొక్కుతా ఉండా" అన్నాను. ఆలోచించకుండానే. టీ తాగినావా అంటే తాగినా అన్నట్టు.

కళ్ళు మూసుకుని సీటుకు తల ఆనించింది. దారిలో తమక ఊరు రాకముందే నిద్రపోయింది. బిడ్డ గుండెలో రంధ్రం ఉందని స్కానులో చెప్పినప్పటి నుంచి ఆమె బస్సులో నిద్రపోగా నేను చూడలేదు.

ఒక్కరోజు కూడా మొక్కలేదు నేను. ఈ బిడ్డకనే కాదు, ఎవరికీ. ఎట్లా మొక్కాలో తెలియదు.

జూన్ 10

దేవుడి గూటి ముందు నిలబడ్డాను. మా అత్త ఉన్నప్పుడు అది ఆమెది. ఆమె పోయాక మా ఆయనది. స్నానం చేసి తడి తలతో వస్తాడు, రెండు ఊదుబత్తీలు, నొసట కుంకుమ, కళ్ళు మూసి తెరవడం. అంతే, మారికుప్పం స్టేషన్లో రైలుకు పరుగు. ఫోటోలు తుడవడం, పూలు పెట్టడం నా పని. గిన్నెలు తోమినట్టు చేస్తాను. నిలబడింది మాత్రం లేదు.

ఈ రోజు నిలబడ్డాను. చేతులు జోడించాను. ఏమీ రాలేదు. కుక్కర్ విజిల్ వేసింది.

ఆయన్ని అడిగాను. "కళ్ళు మూసుకుని ఏమంటారు?"

"ఏమంటా? అంతా బాగుండాల అంటా."

"అంతేనా?"

"రైల్లో సీటు దొరకాల అని కూడా." నవ్వాడు. చెప్పులు వేసుకుంటూ, "ఏమి, కొత్తగా?"

"ఊరికే" అన్నాను.

జూన్ 11

మళ్ళీ నిలబడ్డాను. పాలు పొంగిపోయాయి.

జూన్ 14, శనివారం

నాయన దగ్గరికి పోయాను. పక్క కూలీ లైన్లోనే, తను గనిలో పనిచేసేటప్పుడు ఇచ్చిన అదే ఇల్లు. ఆ ఇంట్లో దేవుడి పటం లేకుండానే పెరిగాను నేను. టీవీలో వార్తలు. మధ్య మధ్య దగ్గు.

"నాయనా, నువ్వు ఎప్పుడన్నా దేవుడికి మొక్కినావా?"

టీవీ సౌండు తగ్గించాడు. అదే ఆశ్చర్యం.

"కిందికి దిగేటప్పుడు అందరూ మొక్కుతా ఉండ్రి. గనిలోకి దించే కేజిలో నిలబడి, కండ్లు మూసుకొని. నేను వాళ్ళ మొకాలు చూస్తా ఉంటి."

"ఒక్కసారి కూడా లేదా?"

చాలాసేపు దగ్గాడు. నీళ్ళు ఇచ్చాను.

"నీ తమ్ముడు పుట్టినప్పుడు ఒకసారి. ఆసుపత్రి మెట్ల మీద కూర్చోని. అడిగినాను. ఇయ్యలా. మళ్ళా అడగలా."

తమ్ముడు ఒకడు పుట్టి పోయాడని తెలుసు. అమ్మ బతికున్నంతకాలం ఆ మాట ఎత్తలేదు. నాయన మెట్ల మీద కూర్చున్నాడని మాత్రం తెలియదు.

"ఏమని అడిగితివి?"

"ఏమని అడుగుతారు? బతికియ్యి అని."

సౌండు పెంచాడు. నేను గడప దాటుతుంటే వెనక నుంచి, "ఎవురికి బాగలేదు?"

ఎవరికీ లేదన్నాను. అది ఇంకొక అబద్ధం.

జూన్ 17

రాయాలి. రాయకుండా ఇది ముందుకు పోయేట్టు లేదు.

లలితా నేనూ ఒకేసారి ఫ్యాక్టరీలో చేరాం. ఆమెకూ పిల్లల్లేరు, నాకూ లేరు. బస్సులో పక్కపక్కన కూర్చున్నది అందుకే. ఒకే డాక్టరమ్మ దగ్గరికి పోయాం, ఒకే మాత్రలు మింగాం. పండగలకు చుట్టాలు అన్న మాటలు సోమవారం బస్సులో చెప్పుకుని నవ్వుకున్నాం. "మనకు మనమే అక్కా" అనేది. తర్వాత ఆమెకు నిలిచింది. నాకు నిలవలేదు. నాకంటే ముందు ఎవరికీ చెప్పలేదట, మొగుడికి కూడా. కౌగిలించుకున్నాను. మంచి మాటలే అన్నాను.

పెద్ద స్కాను చేయించుకున్న మరుసటి రోజు. క్యాంటీన్లో చేతులు కడుక్కునే చోట. కొళాయి తిప్పి, నీళ్ళు వదిలేసి, చేతులు పెట్టకుండా నిలబడింది. "గుండెలో రంధ్రం ఉండాదంట అక్కా."

నాకు సంతోషం వేసింది.

ఒక్క ఊపిరి తీసి వదిలేంత. మళ్ళీ నా పక్కకు వచ్చేసింది అన్నట్టు. ఆ తర్వాత ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. ఆమె భుజం నా కన్నీళ్ళతో తడిసింది. కానీ మొదట వచ్చింది అది.

రాశాను. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. అదే భయంగా ఉంది.

ఇది లోపల పెట్టుకుని ఏ దేవుడి ముందు నోరు తెరవాలి...

జూన్ 19

లలిత ఫోన్. గొంతు బాగా తగ్గిపోయింది. కాళ్ళు వాచాయంది. నేను టిఫిన్ చేస్తున్నాను. "నీ కోసం శనివారం ఒక్కపొద్దు కూడా ఉంటా ఉండా" అన్నాను. నోట్లో పూరీ.

ఆమె అడగలేదు. ఎందుకన్నానో తెలియదు. ఏడ్చే బిడ్డకు చేతికి దొరికింది ఇచ్చేస్తామే, అట్లా.

అవతల ఏడుస్తోంది.

జూన్ 21, శనివారం

అన్నాక ఉండాలి కదా. ఉన్నాను. మా ఆయన్ని బంగారు తిరుపతికి తీసుకుపొమ్మన్నాను. బండి మీద, గుడి ఉన్న గుట్టహళ్ళి దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. "అమ్మ ఉండుంటే ఎంత సంతోషపడేదో."

శనివారం జనం. అక్కడ స్వామిని నేరుగా చూడకూడదు, రాతి కిటికీకి ఆరు కన్నాలు, వాటిలోంచి చూడాలి. క్యూలో నిలబడ్డంతసేపూ నెమరు వేసుకున్నాను. స్వామీ, లలిత బిడ్డను కాపాడు. స్వామీ, లలిత బిడ్డను కాపాడు. పరీక్షకు పోయే పిల్లలా.

నా వంతు వచ్చింది. కన్నానికి కన్ను ఆనించాను. లోపల చీకటి, దీపం, పూలదండలు. నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, "నాకు కూడా."

అంతే. ఆ రెండు మాటలే. వెనకామె "జరుగమ్మా" అని మోచేత్తో నెట్టింది.

బయట ఆయన పొంగలి దొప్ప చేతికిచ్చాడు. "బాగా మొక్కినావా?"

ఆమె బిడ్డ కోసమని పోయి నాకు అడుక్కుని వచ్చాను. పొంగలి దొప్ప ఆయన చేతికే తిరిగి ఇచ్చేశాను.

జూన్ 22, ఆదివారం

బూదికోటలో లలిత పుట్టింట్లో శ్రీమంతం. ఆషాఢం వచ్చేస్తుందని తొందరగా పెట్టారు. ఆర్భాటం లేదు, ఇంటివాళ్ళే, నేను. వాళ్ళమ్మ పట్టుపురుగులకు ఆకు వేసి, చేతులు కడుక్కుని వచ్చి పళ్ళెం సర్దింది.

గాజులు వేయడానికి అందరితోపాటు లేచాను. వాళ్ళ మేనత్త నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు స్వల్ప ఆగమ్మా. పిల్లలుండేవాళ్ళు ముందు ఏయనీ."

ఆగాను. నాకు అలవాటే. గోడ దగ్గరికి జరిగాను.

లలిత పళ్ళెం మీది నుంచి చెయ్యి లాగేసుకుంది. "వనజక్క ఏసినాకే ఇంగ ఎవురైనా. నా బిడ్డకని ఒక్కపొద్దులు ఉండేది ఆమె."

అందరూ నన్ను చూశారు. మేనత్త పక్కకు తప్పుకుంది. వాళ్ళమ్మ వచ్చి నా గడ్డం పట్టుకుంది. "నీ రుణం ఎట్ల తీర్చుకుంటామమ్మా."

ఆకుపచ్చ గాజులు. ఆమె చేతులు వాచి ఉన్నాయి, కణుపుల దగ్గర గాజు ఆగిపోయింది. మెల్లగా తిప్పి తిప్పి ఎక్కించాను. నొప్పి పెడుతున్నా నవ్వుతూనే ఉంది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆ మేనత్తే సరిగ్గా చెప్పింది. నన్ను ఆపాల్సిందే. ఆమె చెప్పిన కారణానికి కాదు.

జూన్ 28

ఓవర్‌టైం. ఒక్కపొద్దు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగాయి. క్యాంటీన్లో వడ తిన్నాను. ఒకటి కాదు.

జూలై 3

ఏమని పిలవాలి? అక్కడే ఆగిపోతున్నాను.

స్వామీ అంటే సూపర్వైజర్ని సార్ అన్నట్టు ఉంటుంది, వెంటనే సంజాయిషీ చెప్పబుద్ధేస్తుంది. తండ్రీ అంటే నాయన దగ్గు వినిపిస్తుంది. దేవుడా అన్నది కాలికి రాయి తగిలినప్పుడు అనే మాట. అమ్మా అంటే మా అమ్మే.

ఫోన్లో శ్లోకాలు పెట్టుకుని బస్సులో వింటున్నాను. వింటూ పెదవులు కదిపాను. నున్నగా వచ్చేస్తాయి మాటలు. పక్క సీట్లో ఇప్పుడు ఒడిశా అమ్మాయి. నన్ను చూసి, తనూ చేతులు జోడించి నవ్వింది. భక్తురాలినని అనుకుంది. శ్లోకం అయిపోయేసరికి నేను లలిత గాజుల గురించి ఆలోచిస్తున్నాను.

జూలై 8

మొక్కడం తెలియదు తెలియదు అని ఇన్ని రోజులు రాశాను. అది కాదు.

వింటాడేమోనని భయం. వినేవాడైతే, చేతులు కడిగే చోట నా లోపల ఏం జరిగిందో అదీ విని ఉంటాడు. నేను నోరు తెరిస్తే, నువ్వే కదా ఆ రోజు సంతోషించింది, అంటాడు.

జూలై 12, శనివారం

ఒక్కపొద్దు. ఈసారి నీళ్ళు, ఒక అరటిపండు. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. చెప్పేశాను కదా ముందే.

జూలై 16, బుధవారం

టీ టైంలో ఫోన్. లలిత మొగుడు మురళి.

"పాప పుట్టింది అక్కా."

ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"నీలంగా ఉండాది. బెంగళూరుకు తీసుకపోతా ఉండారు, అంబులెన్సులో. లలిత నీకు ఫోన్ చెయ్యమనింది. అక్కను మొక్కమను అనింది. ఇంగేం చెప్పలా."

సూపర్వైజర్ని అడిగి బయటికి వచ్చాను. క్యాంటీన్ వెనక, మా ఫ్యాక్టరీలో చేసి లారీలకెక్కించే కొత్త మోటారు బండ్లు ప్లాస్టిక్ కవర్లతో వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్యకు పోయి నిలబడ్డాను. ఎండ. ఏ పటమూ లేదు, ఏ గుడీ కనబడదు.

నోటితోనే చెప్పాను, బయటికి. తర్వాత మెరుగులు పెట్టుకుంటానేమోనని ఇక్కడ అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నేను వనజను. నీకు రోజూ మొక్కుతా ఉండానని లలితకు చెప్పినాను. మొక్కలా. బిడ్డకు బాగలేదంటే నాకు సంతోషమయింది. నువ్వు చూసింటావు. దానికీ ఈ బిడ్డకూ ముడిపెట్టొద్దు. నన్ను ఏమన్నా చెయ్యి. దాన్ని బతికియ్యి."

పిలుపు లేకుండానే మొదలైపోయింది. చేతులు జోడించడం మరిచిపోయాను. గ్లౌజులు కూడా తీయలేదు. ఆఖరి మాట నాయన మాట అని అన్నాక తెలిసింది.

మొక్కితే మనశ్శాంతి వస్తుందంటారు. ఏమీ రాలేదు. ఫ్యాక్టరీ లైన్లోకి తిరిగి పోయాను.

జూలై 17

గూటి ముందు నిలబడ్డాను. అవే మాటలు. మా ఆయన నా వెనక తుండు పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు. రైలు తప్పిపోతుందని అనలేదు.

జూలై 19, శనివారం

బెంగళూరు. పొద్దున రైలుకు ఇద్దరం పోయాం.

పాపను ఆపరేషన్‌కు తీసుకుపోయి చాలాసేపయింది. లలిత కారిడార్లో ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఎండాకాలపు చీర మీద స్వెటర్. పచ్చి బాలింత, పడుకోమంటే పడుకోదట. నన్ను చూసి పక్క కుర్చీ మీది సంచి తీసింది. మురళీ, వాళ్ళమ్మా, మా ఆయనా కాఫీకని కిందికి దిగారు.

నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, నాకు మొక్కడం రావట్లేదు."

"ఊరుకో లలితా."

"లేదు, విను. నోరు తెరిస్తే తిట్లు వస్తా ఉండాయి. నాకే ఎందుకని. స్కాను చేసిన దినం నుంచీ అంతే. అందుకే అంతా నీ మీద ఏసేసినా. అక్క మొక్కుతా ఉండాది, నేను తిట్టినా పర్వాలేదు అనుకుంటి." నా వైపు తిరిగింది. "ఇప్పుడు నేను మొక్కాల. ఏమని మొదలుపెడతావు నువ్వు? చెప్పియ్యి."

శ్లోకాలు ఉన్నాయి నా దగ్గర. ఫోన్లో విన్నవి నోటికి వచ్చేశాయి. ఒకటి చెప్పుంటే సరిపోయేది.

"నేను బుధవారం దాకా మొక్కలా లలితా."

ఆమెకు అర్థం కాలేదు. "ఏ బుధవారం?"

"నీ బిడ్డ పుట్టిన దినం. అంతకుముందు నేను చెప్పిందంతా అబద్ధం. ఒక్కపొద్దు కూడా. నీకు చెప్పేసినాక ఉన్నాను, ముందు లేదు."

నన్నే చూసింది. కోపం లేదు మొహంలో. ఉండుంటే బాగుండేది. లెక్క చూసుకుంటున్నట్టు ఉంది.

"అయితే నేనూ మొక్కలా, నువ్వూ మొక్కలా" అంది.

తలగుడ్డ సర్దుకోవడానికి చెయ్యి తీసింది. మళ్ళీ ఇవ్వలేదు.

రెండోది, కొళాయి దగ్గరిది కూడా చెప్పేద్దామని నోరు తెరిచాను. తలుపు తెరుచుకుంది. ఆపరేషన్ అయింది, ఇప్పుడే ఏమీ చెప్పలేం, కొన్ని రోజులు చూడాలి అన్నాడు డాక్టరు. అందరూ ఆయన చుట్టూ చేరారు. నేను కుర్చీల దగ్గరే ఉండిపోయాను.

వచ్చేటప్పుడు వస్తానన్నాను. తల ఊపింది, గోడ వైపు చూస్తూ.

జూలై 20

ఫోన్ లేదు.

మా ఆయనకు చెప్పాను, అబద్ధం సంగతి వరకు. అన్నం కలుపుతున్నవాడు ఆగాడు.

"చెప్పకుండా ఉండాల్సింది వనజా. ఆ పిల్లకు నమ్మకమన్నా మిగులుతా ఉండె."

అదే తిరుగుతోంది తలలో. ఆమె అడిగిందని చెప్పానా, నా బరువు దించుకోవడానికి చెప్పానా? బిడ్డ లోపల కత్తి కింద ఉంటే, పచ్చి బాలింత ఒళ్ళో నా బరువు పెట్టి వచ్చాను.

మొక్కాను. పొద్దున, సాయంత్రం.

జూలై 22

నాయనకు ఎవరో చెప్పేశారు. అందరికీ అందరూ తెలిసిన లైన్లు.

"ఆ బిడ్డ ఎట్ల ఉండాది?"

"ఊపిరికి ఇంకా మిషన్ పెట్టే ఉండారు."

"బతికితే దేవుడంటారు, పోతే కర్మ అంటారు. నువ్వు అన్నం తిను ముందు. మొకం చూడు ఎట్లుండాదో."

తిన్నాను. నాయన ముందు కూర్చుని, చిన్నపిల్లలా. మొక్కుతున్నానని చెప్పలేదు. ఈ ఒక్క సంగతి చెప్పుకోకుండా ఉంచుకోవాలనిపించింది.

జూలై 23

ఈ రోజు మొక్కుతుంటే మధ్యలో కోపం వచ్చింది. ఆయన మీద, పైనున్నాయన మీద. లలితకు ఇచ్చి లాక్కుంటున్నావా అని. నాకు ఇవ్వనే లేదు అని. ఇదీ మొక్కడమేనా? ఆపలేదు. అంతా అన్నాను. ఆఖర్న మళ్ళీ బతికియ్యి అన్నాను.

లలిత తిట్లొస్తున్నాయంటే ఊరుకోమన్నాను ఆ రోజు. ఊరుకోమని ఉండకూడదు.

జూలై 24, గురువారం

పొద్దున్నే లలిత వాళ్ళమ్మ ఫోన్. పాపకు జ్వరం వచ్చిందట. మిషన్ ఇంకా తీయలేదు.

"వనజమ్మా, లలిత నిన్ను రమ్మంటా ఉండాది."

"ఎందుకమ్మా?"

"అదేం చెప్పలా. ఫోన్ ఇస్తా, మాట్లాడు అంటే వద్దని తల ఊపింది. రమ్మను అంటాది, అంతే."

సెలవు పెట్టాను. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. మారికుప్పంలో ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి.

తిట్టడానికి పిలిచిందేమో. పక్కన కూర్చోమని పిలిచిందేమో. రెండోది చెప్పాలా? ఆ కొళాయి దగ్గరి సంగతి. చెప్తే ఆమెకు ఏం ఒరుగుతుంది... చెప్పకపోతే ఆ చెయ్యి మళ్ళీ ఎట్లా పట్టుకుంటాను. మొక్కేటప్పుడు అదీ అడుగుతున్నాను రెండు రోజుల నుంచి.

పాపకు ఇంకా పేరు పెట్టలేదు. మొక్కేటప్పుడు తడబడేది అక్కడ. ఫలానా అని చెప్పాలి కదా, అంత ఆసుపత్రిలో ఎందరు బిడ్డలో. చేతి పట్టీ మీద లలిత పాప అని రాశారట. నేనూ అదే అంటున్నాను. లలిత పాప. పై అంతస్తు, ఎడమ పక్క గది, కిటికీ దగ్గరి మంచం.

బంగారుపేటలో జనం ఎక్కుతారు, కాలు పెట్టే చోటుండదు. పక్కన మనుషులుంటే నాకు ఇంకా మొక్కడం రాదు. ఆలోపు ఒకసారి.

లలిత పాప. పై అంతస్తు...